పల్లంరాజు విసిరిన వల

పొద్దున్నే చేపల బుట్టలు, ఎండెక్కాక పుస్తకాలు. ధవళేశ్వరానికి దిగువన ఆ రేవులో వారం రోజులుగా ఇదే వరస. పల్లంరాజు వల నీడలో చాప వేసుకుని ముగ్గురు ఎమ్మెస్సీ పిల్లలు క్వాంటమ్ మెకానిక్స్ చదువుతున్నారు.

రెండేళ్ళ కిందట పల్లంరాజు వల విసిరి, ఆ విసురులోనే గుండె ఆగి పడిపోయాడు. వల మాత్రం కింద పడలేదు. గాల్లో విచ్చుకుని గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. తాడు చేతికందే ఎత్తులోనే వేలాడుతోంది. కానీ విసిరిన వలను విసిరినవాడే లాగాలన్నది రేవు కట్టుబాటు. అందుకని ఎవరూ ముట్టుకోలేదు. ఆడవాళ్ళు మాత్రం దాని నీడ పడని చోటు చూసుకుని చేపలు ఎండబెట్టుకుంటున్నారు.

కూతురు ఉషారాణికి ఒకటే బెంగ, తను లేనప్పుడు వల పడిపోతుందేమోనని. ఆ భయంతో రెండుసార్లు పరీక్ష ఎగ్గొట్టింది. ఇక ఇదే ఆఖరి అవకాశం, పరీక్ష ఈ మధ్యాహ్నమే. రేవు వదిలి రానంటే స్నేహితులే ఇక్కడికొచ్చి చదువుతున్నారు.

"యాంగ్యులర్ మొమెంటమ్‌ని ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చాం. అట్టడుగు మెట్టు మీద మళ్ళీ దించబోతే ఏమొస్తుంది?" అడిగింది ఫణిశ్రీ.

"సున్నా," అంది ఉష. కాగితం మీద చెయ్యి తడబడలేదు గానీ, చూపు మాటిమాటికీ పైనున్న వల మీదికే పోతోంది.

మణిశంకర్ పురోహితులింటి పిల్లాడు, రేవు కట్టుబాట్లు ఎరగనివాడు. "తిరిగేదాన్ని ఎవరూ ఆపకపోతే తిరుగుతూనే ఉంటుంది. ఆయన ఇంక రారు కదండీ, మామ్మగారూ. మరి ఎవరు లాగాలి?" అన్నాడు పక్కనే ఉన్న ఉష నాయనమ్మతో.

రెండేళ్ళుగా ఎవరూ అడగని మాట అది. చేప తోముతున్న అచ్చాయమ్మ చేతులు ఆగిపోయాయి. కొడుకు పోయాక ఆమె కంటతడి పెట్టగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆడి చెయ్యి నీకే వచ్చిందే," అంది మనవరాలితో. "నువ్వు లాగితే ఆడు లాగినట్టే. ఎన్నాళ్ళని నిలబెడతాం ఆణ్ణి?"

ఉష తండ్రి నిలబడ్డ చోట నిలబడి తాడు అందుకుంది. వల తిరుగుడంతా ఆమె ఒంట్లోకి దిగింది. తనే మూడుసార్లు గిర్రున తిరిగి ఆగింది. వల మెల్లిగా వచ్చి ఆమె పాదాల దగ్గర కుప్పగా పడింది. నాన్న పోయాడు, అనుకుంది మొదటిసారి. ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"పద తల్లీ, బస్సెళ్ళిపోద్ది," అంటూ అచ్చాయమ్మ ఆమె మొహం తుడిచింది.

ఆ మధ్యాహ్నం రాజమండ్రిలో ఉషారాణి మూడు గంటలూ రాసింది. ఎడిషనల్ షీట్ కూడా అడిగి తీసుకుంది. ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూడలేదు.