మందుల షాపులో చీపురు

“ఈ కార్డులేవో ఇంట్లోకి వచ్చాయంటే మనలో ఎవరో ఒకరు మంచం పడతారు. ముందే చెబుతున్నాను, తర్వాత నేను చెప్పలేదనకండి.”

కంగారమ్మ ఈ మాట అనే సమయానికి ఆ ఇంట్లోకి ఏ కార్డూ రాలేదు. మూడు బ్యాంకుల క్రెడిట్ కార్డుల రంగు కాగితాలు మాత్రం భోజనాల బల్ల మీద పరిచి ఉన్నాయి. వాటి మీద కొడుకు మోచేతులు ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా భర్త గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు గీక్కుంటున్నాడు. కంగారమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. అది ఆమెకూ తెలుసు, ఏమీ అనుకోదు. ఎవరో ఒకరు కంగారు పడకపోతే ఇన్ని సంసారాలు ఎలా గట్టెక్కుతాయని ఆమె ఉద్దేశం.

కొడుకు టైర్ల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇంటి ఖర్చు కార్డుతో పెడితే అందులో కొంత బ్యాంకువాళ్ళే తిరిగి ఇస్తారని తోటివాడెవడో చెప్పిన నాటి నుంచి వాడికి కాలు నిలవడం లేదు.

“ఇది పెట్రోలు కార్డమ్మా. బంకులో వందకు నాలుగు వెనక్కి వస్తాయి. పైగా యాక్సిడెంటు బీమా ఉచితం.”

“ఉచితంగా ఎందుకిస్తాడు? వాడికేదో తెలిసే ఇస్తున్నాడు. అవతల పెట్టు.”

“సరే. ఇదేమో సూపర్ మార్కెట్లలో వందకు మూడు. కాకపోతే ఏడాదికి ఫీజుంది. నెలకింత కొనాలని షరతు కూడా ఉంది.”

“కొనకపోతే?”

“ఏమీ ఇవ్వడు.”

“అంతటితో ఊరుకుంటాడా? మనుషుల్ని పంపడూ?”

కొడుకు ఆ కాగితాన్నీ పక్కకు జరిపాడు. “మూడోది. మందుల షాపుల్లో వందకు పది. ఫీజు లేదు, షరతు లేదు.”

వందకు పది అనేసరికి భర్త తలెత్తాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా ఇరుకు గుంతల్లో ఒంటరిగా పనిచేసి మాటలు పొదుపు చేయడం అలవాటైన మనిషి. “మనమెప్పుడు మందులు కొన్నాంరా?”

“కిటుకంతా అక్కడే ఉంది నాన్నా. బ్యాంకు చూసేది షాపును. సంచీని కాదు. మందుల షాపులో సబ్బు అమ్ముతారు. పళ్ళపొడి అమ్ముతారు, బిస్కెట్లు అమ్ముతారు. షాపాయన్ని కాస్త బతిమాలితే కందిపప్పు మాత్రం ఏం పాపం చేసింది?”

“ఒరేయ్, రోజూ మందుల షాపు గడప తొక్కితే ఉన్న ఆరోగ్యం ఊడిపోతుందిరా” అంది కంగారమ్మ.

“గడప తొక్కితే రోగాలొస్తాయా? అలా అయితే వెల్డింగు షాపు పక్కన పదేళ్ళున్నాం. ఎవరం అతుక్కుపోయాం?” అన్నాడు భర్త. ఆయన అంత పొడుగు మాట ఆడటం అరుదు కాబట్టి అదే తీర్పయింది.

మందుల షాపాయన మొదట్లో బెట్టు చేశాడు. నెల సరుకంతా నీ దగ్గరే కొంటామనేసరికి మెత్తబడ్డాడు. జ్వరం సీసాలు పై అరకు ఎక్కాయి, కింది అరలో బియ్యం బస్తాలు దిగాయి. అయితే చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ఏ సరుకు ఇచ్చినా చిన్న కాగితపు కవర్లలో కట్టి, పైన పెన్నుతో రాయనిదే ఆయనకు తోచదు. కందిపప్పు కవరు మీద ‘మధ్యాహ్నం, రాత్రి, అన్నంతో పాటు’ అని రాసేవాడు. ఉప్పు మీద ‘కొద్దిగా మాత్రమే’. వంటనూనె సీసా మీద ‘పిల్లలకు అందకుండా ఉంచవలెను’. చీపురు అడిగితే దాని పిడికి చీటీ అంటించి ఇచ్చాడు: ‘పైపూతకు మాత్రమే. లోపలికి తీసుకోరాదు.’

“పంచదార ఈ నెల పెరిగిందమ్మగారూ. అయ్యగారిని ఒకసారి డాక్టరుకు చూపించకూడదూ?” అనేవాడు.

“ఎందుకు, ఏమైందాయనకి?”

“ఏం కాలేదు. ఎందుకైనా మంచిదని.”

ఎందుకైనా మంచిది అన్న మాట వింటే చాలు, కంగారమ్మకు ఒంట్లో నీరసం ఆవరించేది. ఆ నీరసంతోనే ఒకరోజు తలనొప్పి బిళ్ళ అడిగింది. షాపాయన నొచ్చుకున్నాడు. “ఆ డబ్బాలో చింతపండు పోశానమ్మగారూ. కిరాణా కొట్లో ఉంటాయేమో చూడండి” అన్నాడు.

ఆదివారం పూట ఆడపడుచు దిగింది. చేతిలో పళ్ళ సంచీ, కళ్ళలో అప్పటికే నీళ్ళు.

“పరాయిదాన్నయిపోయానా వదినా? మా వీధి కుట్టుమిషనావిడ చెబితే నాకు తెలియాలా? రోజూ మందుల షాపు నుంచి రెండు చేతులా సంచులు మోసుకుపోతున్నారటగా. ఎవరికి?”

“ఎవరికీ ఏమీ లేదమ్మా. చీపుళ్ళు, పప్పులు…”

“చెప్పకు. నేనడగను.” ఆమె నేరుగా లోపలి గదిలోకి నడిచింది. భర్త రాత్రి డ్యూటీ చేసి వచ్చి, మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆడపడుచు గుమ్మంలోనే కూలబడింది. “మా అన్నయ్యే. ఎంత చిక్కిపోయాడో చూడు.”

“తువ్వాలు తీసి చూడు, చిక్కలేదు.”

“చూడలేను వదినా. ఆ గుండె నాకు లేదు.”

ఆమె పళ్ళు అక్కడ పెట్టి, బీరువా తాళాలు ఎక్కడున్నాయో తెలుసుకుని ఉండమని వదినకు బుద్ధి చెప్పి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నోట్లో ఒక పండు వేసుకుంది.

అప్పటి నుంచి కంగారమ్మకు ముద్ద దిగడం మానేసింది. కందిపప్పు సంగతి ఆమెకు తెలియక కాదు. ఆ సంచులు విప్పి డబ్బాల్లో పోసింది తనే. అయితే ఈ ఇంట్లో ఆమె దగ్గర విషయాలు దాచే అలవాటు ఉంది. కొడుకు కాలేజీలో చదివేటప్పుడు పొట్టలో నొప్పొచ్చి ఆపరేషనైంది. ‘స్నేహితుడి ఊరెళ్ళాడు’ అని భర్త చెప్పాడు. కుట్లు విప్పించాక గానీ ఆమెకు తెలియనివ్వలేదు. ‘నీకు చెబితే వాడితో పాటు నిన్ను కూడా చేర్పించాల్సి వచ్చేది’ అన్నాడు పైగా. కొడుకు ఒంటి మీద కత్తి పడిన పూట తను తాపీగా కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటోంది. అది తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన చేతులంటే అసహ్యం వేస్తుంది.

మళ్ళీ అలాంటిదే జరుగుతుంటే? పప్పుల మధ్య ఏ బిళ్ళలో తెచ్చుకుని, ఎవరికి వాళ్ళు మింగుతుంటే?

సాయంత్రం భర్తను నిలదీసింది. “మీకేమన్నా ఉందా? నా మీద ఒట్టేసి చెప్పండి.”

“లేదు.”

“నీకురా?”

“లేదమ్మా. బంగారంలా ఉన్నాను.”

ఇద్దరూ ఎంతో మామూలుగా అన్నారు. అప్పుడు కూడా ఇంతే మామూలుగా ‘ఊరెళ్ళాడు’ అన్నాడు కదా ఆయన. ఆ మామూలుతనమే ఆమెను నిలువునా తినేసింది.

మర్నాడు మధ్యాహ్నం బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఫ్యాక్టరీలో ఫోన్లు ఎత్తనివ్వరని కొడుకు కార్డుకు తల్లి నంబరే ఇచ్చాడు. అవతల ఒక ఆడపిల్ల గొంతు ఒకే గుక్కలో చెప్పుకుపోయింది.

“నమస్కారం మేడమ్, మీ కుటుంబం ఈ మధ్య మందుల మీద ఎక్కువగా ఖర్చు చేస్తున్నట్టు గమనించాం. మీలాంటి వారి కోసమే పెద్ద జబ్బులకు వర్తించే ప్రత్యేక పాలసీ…”

కంగారమ్మ గోడ పట్టుకుని కూర్చుంది. “ఎవరికమ్మా?”

“ఏది మేడమ్?”

“ఆ పెద్ద జబ్బు. మీరు గమనించామన్నారుగా.”

“అయ్యో, అది మాకు తెలియదు మేడమ్. షాపు పేరు, ఎంత కట్టారు, అంతవరకే మాకు కనబడుతుంది. ఏం కొన్నారో కనబడదు. పాలసీ వివరాలు చెప్పమంటారా?”

“అందరూ తెలియదనే అంటారు. చూడు తల్లీ, మా వాళ్ళు నాకేదీ చెప్పరు. నేను తట్టుకోలేనని. వాడి పొట్ట కోస్తే కుట్లు విప్పాక చెప్పారు. తట్టుకుంటానో లేదో నన్ను చూడనిచ్చారా ఎవరైనా? వాళ్ళకు నా మీద జాలి. నీకక్కర్లేదు, నేనెవరో నీకు తెలియదు. అందుకే నిన్నడుగుతున్నాను. మా ఆయనకా, మా అబ్బాయికా?”

ఆ పిల్ల వెనక చాలామంది ఆడపిల్లలు నమస్కారం మేడమ్, నమస్కారం సర్ అంటూ అదే వాక్యాన్ని తలా ఒక వేగంతో అప్పజెబుతున్నారు. ఎవరో మగమనిషి ‘ఆ కాల్ ఏంటి, ఇంకా అవలేదా’ అంటూ దగ్గరకొచ్చి, మళ్ళీ దూరంగా వెళ్ళిపోయాడు. ఏవో మీటలు నొక్కిన చప్పుడైంది, ఆగిపోయింది. కంగారమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. పెట్టేయలేదు. అవతల కూడా పెట్టేయలేదు. ఎండ కిటికీ చువ్వల నీడను నేల మీద కాస్త జరిపింది. వంటింట్లో కుళాయి చుక్కలు పడి పడి, బకెట్టు నిండి పొర్లడం మొదలుపెట్టింది. ఆమె లేవలేదు.

“ఎవరికీ ఏమీ లేదమ్మా” అంది ఆ పిల్ల చివరికి, గొంతు బాగా తగ్గించి. “అంతా చూశాను. ఇద్దరూ బావున్నారు.”