బ్యాటరీలు నా దగ్గరే

మా ఆయన యోగానంద్ నలభై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశారు. ఆపరేషన్ టేబుల్ మీద ఎంతమంది నాడి కనిపెట్టుకుని కూర్చున్నారో లెక్కలేదు. సెప్టెంబరులో తన గుండెకే స్టెంట్ వేస్తే మాత్రం, అదేదో పక్కింటాయనకు వేసినట్టు మాట్లాడతారు. ఇక పార పట్టి మంచు ఎత్తొద్దని కార్డియాలజిస్టు చెబితే బుద్ధిగా తలూపారు. ఆ తలూపడం సంగతి నాకు తెలుసు. మా ఊరు నేపర్‌విల్‌లో మంచు పడ్డ రోజున కుక్కిన పేనులా ఇంట్లో పడి ఉండే మనిషి కారాయన.

అందుకని ఇంటి ముందు కారు దారిలో మంచు తీసే మిషన్, స్నో బ్లోయర్ కొందామన్నాను. మూడు వారాలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పట్టిక తయారుచేశారు.

"టూ స్టేజ్‌దే కావాలి కామేశ్వరీ. ముందున్న మర మంచుని లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాన్ దూరంగా విసిరేస్తుంది. రోడ్డు మీద మంచు తోసే సిటీ వాళ్ళ ట్రక్కు మన డ్రైవ్‌వేకి అడ్డంగా మంచు గట్టు వేసి పోతుంది చూడు, చిన్న మిషన్‌తో దాన్ని కదపలేం" అన్నారు.

అది నిజమే, ఒప్పుకున్నాను. ఆయన మనసు పెట్రోలు మిషన్ మీదుంది. నేను బ్యాటరీదే అని పట్టుబట్టాను. పొగ ఉండదు, స్టార్ట్ చెయ్యడానికి తాడు లాగే పని లేదు అని పైకి చెప్పాను. నా కడుపులో మాట వేరు. పెట్రోలుదైతే ఎవరైనా గరాజ్‌లోకి వెళ్ళి స్టార్ట్ చేసేయొచ్చు. బ్యాటరీలు తీసేస్తే ఇది వట్టి ఇనుము. చలికి పాడవకుండా వాటిని ఇంట్లోనే పెట్టుకోవాలి. ఇంట్లో రాజ్యం నాది.

షాపుకి లావుపాటి కోటూ, గ్లోవ్సూ వేసుకుని వెళ్ళాను. అక్కడి అమ్మాయి, లోపల చలి లేదు కదండీ అని నవ్వింది. మా ఇంటి ముందు ఉంటుందమ్మా అన్నాను. మొదటి మిషన్ లీవరు ఆ గ్లోవ్సుతో నా పిడికిట్లో ఇమడలేదు. రెండోదాని బ్యాటరీ రెండు చేతులతో లాగినా ఊడిరాలేదు. ఒకప్పుడు మోటారు గొప్పదని వెట్ గ్రైండరు కొని, దాని రాయి ఎత్తలేక బేస్‌మెంట్‌లో పడేసినదాన్ని నేను. మళ్ళీ ఆ తప్పు చేస్తానా? మూడోది చేతికి అమిరింది. రెండు బ్యాటరీలూ సులువుగా వచ్చాయి, ఒక్కోటీ పది పౌన్ల బియ్యం సంచీకి మించి లేదు. చక్రాలు వాటంతటవే కదులుతున్నాయి.

"ఇదే తీసుకుందాం" అన్నాను.

"దానికంటే ఇది అయిదడుగులు తక్కువ విసురుతుంది" అన్నారు ఈయన, రెండోదాన్ని చూపిస్తూ.

"విసిరేది నేనండీ, మీరు కాదు."

షాపు అమ్మాయి అటు తిరిగి ఏదో సర్దుకుంది. ఈయన పర్సు తీశారు.

డిసెంబరు రెండో వారంలో పది అంగుళాల మంచు పడింది. ఉదయం నిద్ర లేస్తూనే గరాజ్ తలుపు చప్పుడు విన్నాను. వంటింటి అలమరలోకి చూశాను. వేడిగాలి వచ్చే మూల పెరుగు గిన్నె ఉంది, దాని పక్కన దాచిన బ్యాటరీలు లేవు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. మా ఇంట్లో వెచ్చదనం కావలసినవన్నీ ఆ మూలకే చేరతాయి. ఇన్నేళ్ళుగా అక్కడ తోడుకున్న పెరుగు తింటున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

నైటీ మీద జాకెట్ తగిలించుకుని పరిగెత్తాను. సగం డ్రైవ్‌వే శుభ్రంగా ఉంది.

"ఆపండి!" అని అరిచాను.

ఆయన లీవరు వదిలేసి, తాపీగా గ్లోవ్ తీశారు. వేలికి నాడి చూసే క్లిప్ ఉంది.

"చూడు, ఎనభై ఎనిమిది. నీకు చూపిద్దామనే పెట్టుకున్నాను. దాని వెనక నడవడం తప్ప నేను చేసిందేం లేదు" అన్నారు.

ఆ క్లిప్ తీసి నా వేలికి తగిలించారు. అంకె ఎక్కుతూ ఎక్కుతూ నూట నలభై రెండు దగ్గర ఆగింది. ఎంత అంకె చూసినా ముఖం మారని మనిషి, దాన్ని చూసి కంగారుపడ్డారు.

"ఇంత భయమా కామేశ్వరీ నీకు?"

"మరి లేదా? ఆ రోజు మీరు మత్తులో ఉన్నారు. బయట వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నది నేను" అన్నాను.

మూడు నెలలుగా అననిది అనేశాను. ఏడుపొచ్చింది. ఆయన మిషన్ నుంచి బ్యాటరీలు రెండూ తీసి నా చేతుల్లో పెట్టారు.

"ఇక ఇవి నీ దగ్గరే ఉంచు. అడిగితే తప్ప ముట్టుకోను."

"ఆ గట్టు ఎవరు తీస్తారు మరి?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వే. ఇప్పుడే కాదు."

గరాజ్‌లోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. చల్లబడ్డ నా వేళ్ళని రెండు అరచేతుల మధ్య రుద్ది, మళ్ళీ క్లిప్ పెట్టి, పక్కన నిలబడి అంకెనే చూస్తూ ఉండిపోయారు. నూట పది. నూట రెండు. నాకు నవ్వొచ్చింది.

"కదలకు" అని కసిరారు. కాసేపటికి క్లిప్ తీసేసి, "తొంభై నాలుగు. స్టార్ట్ చెయ్" అన్నారు.