ఒక్కరు తోస్తే రాని తలుపు

పైడయ్య చేపల రేవులో పుట్టి పెరిగినవాడు. మూత తెరిచి ఉన్న ఐసుపెట్టి కనబడితే, అది ఎవరిదైనా సరే, మూసేదాకా అతని చెయ్యి ఊరుకోదు. ల్యాబులో అటెండరుగా చేరి జుట్టంతా నెరిసినా ఆ అలవాటు మాత్రం కుర్రదిగానే ఉండిపోయింది. అందుకే ఆ ఆదివారం చలిగది గుమ్మంలో అడ్డంగా ఉన్న ఇటుకను కాలితో పక్కకి నెట్టి, లోపలికొచ్చి, తలుపు లాగేశాడు.

అరల్లో సీసా వెతుకుతున్న పరిశోధక విద్యార్థిని సమీనా చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఇటుక తీసేశావా బాబాయ్?"

"సలంతా బైటికి పోతంది గదమ్మా!"

"ఆ తలుపు కీళ్లు వదులై కిందికి వాలిపోయింది. లోపల్నించి తెరుచుకోదు!"

"ఏటీ!"

ఫోన్లు బయట. సెలవు రోజు, అరిచినా పలికేవాడు లేడు. అంతకన్నా ఘోరం, బయట బల్ల మీద గిన్నెలో ఆమె కణాలు ఎండిపోతున్నాయి. పాత ద్రవం పీల్చేసి, కొత్తది చిటికెలో తెచ్చి పోద్దామని వచ్చింది. ఏడాదిగా చీకటిగా ఉన్న ఆ కణాలు నిన్ననే మొదటిసారి ఆకుపచ్చగా వెలిగాయి. ఎండితే ఆ ఏడాదంతా నీళ్లపాలే.

సమీనా తలుపు లోపలివైపు మీట తోసింది. కదల్లేదు. ఆమె అలిసి పక్కకి తప్పుకుంటే పైడయ్య పిడి పట్టి తలుపును పైకెత్తాడు. అతను వదిలితే మళ్లీ ఆమె. వేళ్లు కొయ్యబారాయి. సీసాను చున్నీలో చుట్టి పొట్టకి అదుముకుని, గోడకి ఆనుకుంది. గాలి కూడా బరువుగా ఉంది.

"మా తాత భీమిలిలో ఐసుపెట్టిలో పడి రాత్రంతా ఉండిపోనాడు. తీసేసరికి వయసు సగానికి తగ్గిపోనాది. మా మామ్మ పరాయోడనుకుని గుమ్మంలోనే నిలబెట్టేసింది!"

ఆమె సీసాను ఇంకాస్త అదుముకుంది.

"పోనీ, నీ కణాలకి ఆ పచ్చటెలుగు ఎలాగొచ్చిందో సెప్పు."

"ఆ వెలుగునిచ్చే జీను ముందు ప్రోమోటరని గుమ్మంలాంటిది ఉంటుంది. దాని మీద ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లనే ప్రోటీన్లు కూర్చుంటేనే జీను పని మొదలవుతుంది."

"అబ్బో! గూడ్సు బండంత పేరు."

"ఏడాదంతా అలాంటివి రెండిట్లో ఒక్కోదాన్నే విడిగా కణాల్లోకి పంపాను. కూర్చున్నట్టే కూర్చుని జారిపోయేది. మొన్న రెండూ కలిపి పంపాను. ఒకటి జారబోతే రెండోది పట్టి ఆపింది. అలా రెండూ..."

సమీనా ఆగిపోయి మీట వైపు చూసింది.

"బాబాయ్, మనం వంతులేసుకుంటున్నాం!"

పైడయ్య తలుపును ఎత్తిపట్టాడు. మెడ నరాలు పొంగాయి. ఆమె మీట మీద బరువంతా వేసింది. కాలు జారింది.

"వదలకు బాబాయ్!"

"నాను వదల్ను. నువ్వు కబుర్లాపి తొయ్యి!"

మీట లోపలికి దిగింది. ఇద్దరూ నడవలో బోర్లా పడ్డారు.

సమీనా పరుగెత్తి, ఒంటి వేడికి కాస్త చలి విరిగిన ద్రవాన్ని గిన్నెలో పోసి, మైక్రోస్కోపులోకి వంగింది. చాలా కణాలు ముడుచుకుపోయి తేలుతున్నాయి.

"ఉన్నాయా?"

తడి మిగిలిన ఓ అంచున కాసిని పచ్చటి చుక్కలు.

"కొన్ని."

"సాలవా?"

"బతికితే చాలు."

గిన్నెను ఇంక్యుబేటర్‌లో పెట్టింది. ఇక రేపటిదాకా చేసేదేమీ లేదు. పైడయ్య వెళ్లి ఇటుకను మళ్లీ చలిగది గుమ్మంలో అడ్డం పెట్టాడు.