వెనక్కి తిరిగిన అతిథి

రాజుగారి తండ్రి వేటకని అడవిలో కట్టుకున్న ఇల్లు కొడుకు చేతిలో రాజభవనమైంది. తోటలో వందల ఫౌంటెన్లు వెలిశాయి. నీళ్ళు మాత్రం అన్నిటికీ రాలేదు. సేన్ నది నుంచి తోడినా చాలలేదు. అందుకని తోటవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతిథి ఎక్కడుంటే అక్కడే నీళ్ళు. ఆయన దాటిపోగానే పై ఫౌంటెన్ చూసేవాడు నీటి గొట్టం మర కట్టేసి, మెడలో వేలాడే కొయ్య ఈల నోట పెట్టి ఊదాలి. అది విని కిందివాడు తన మర తిప్పాలి.

పై ఫౌంటెన్ తొట్టి ఓబన్‌ది. చెట్ల గోడకు అవతల ఉన్న కింది తొట్టి అతని బావమరిది జెర్వేది. అతిథి కళ్ళ ముందు ఫౌంటెన్ ఎండితే కొలువు పోతుంది, తోటలో ఇచ్చిన ఇల్లూ పోతుంది. జెర్వేకి ముగ్గురు పిల్లలు. ఓబన్ భార్య పెరీన్‌కు నెలలు నిండాయి.

ఆ ఆగస్టులో రెండు తొట్లకూ నీళ్ళిచ్చే చెరువు అడుగంటింది.

"బావా, ఇవాళొచ్చే రాయబారికి కాలు నొప్పట," అన్నాడు జెర్వే పొద్దున్నే. "నీ దగ్గరే కూలబడ్డాడంటే నా తొట్టి ఉమ్మేసి నింపుకోవాలి."

"నోరు మూసుకుని చెవులు తెరిచిపెట్టుకోరా."

రాయబారి వచ్చాడు, చూశాడు, తోట అధికారి వెంట చెట్ల గోడ మలుపు తిరిగాడు. ఓబన్ మర కట్టి ఈల వేశాడు. అవతల నీళ్ళు లేచిన చప్పుడైంది.

అంతలో రాయబారి వెనక్కి వచ్చాడు. నస్యం డబ్బా బెంచీ మీద మరిచిపోయాడు. నౌకర్ని పంపుతానని అధికారి అంటే వినలేదు. అతిథి నడిచే దారి రాజుగారే రాసిచ్చారు. అందులో వెనక్కి రావడం లేదు. దానికో ఈలా లేదు.

ఓబన్ మర తిప్పాడు. నీళ్ళు మోకాలెత్తు లేచి ఆగాయి. రెండు మరలూ తెరిచి ఉంటే అంతే. అధికారి ఓబన్ వైపు చూశాడు. ఓబన్ ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. ఊపిరి అందకుండా పోయేదాకా వేశాడు.

అవతల చప్పుడు ఆగింది. జెర్వే మర కట్టేశాడు. ఓబన్ తొట్టిలో నీళ్ళు మనిషెత్తు దాటాయి.

"బాగుంది," అని రాయబారి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆయన చూస్తుండగా మర కట్టకూడదు. చెరువులో కొలతకర్ర మీద చివరి గీత బయటపడింది. లేవండి దొరా, దండం పెడతాను, లేవండి, అనుకున్నాడు ఓబన్. రాయబారి రెండోసారి నస్యం పీల్చాడు.

ఆయన లేచి మలుపు తిరిగాక ఓబన్ మర కట్టి ఈల వేశాడు. అవతల గొట్టం రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఏమిట్రా ఇది?" అధికారి గొంతు.

"నాదే తప్పండయ్యా. ఈల పడకముందే తిప్పేశాను, నీళ్ళన్నీ పోయాయి," అన్నాడు జెర్వే. "ఏదో పిట్ట కూసింది, ఈలనుకున్నాను."

"ఆ పిట్టనే అడుగు, గూట్లో చోటిస్తుందేమో. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యి."

ఓబన్ చెట్ల గోడ వైపు రెండడుగులు వేశాడు. అక్కణ్ణించి తన ఇల్లు కనిపిస్తుంది. పెరీన్ కిటికీ దగ్గర నిలబడి పుట్టబోయే బిడ్డకు గుడ్డలు ఆరేస్తోంది. అతను ఆగిపోయాడు.

ఈల ఇంకా నోట్లోనే ఉంది. తీస్తే మాట్లాడాల్సి వస్తుంది.