అరువు మిషను ముందు ఫొటో

నూలుపోగులోనూ నిండియుండే శ్రీమన్నారాయణునికి నమస్కరించి ఈ చిన్న కథ చెబుతున్నాను.

దర్జీపని చేసే ఒక ఇల్లాలు కొత్త కుట్టుమిషను కోసం ఇంటర్నెట్‌లో చిన్న అప్పు అడిగింది. ముక్కూ మొహం తెలియనివారు అక్కడ తలా కొంత వేస్తారు. ముప్పై రోజుల్లో మొత్తం నిండకపోతే ఎవరిది వారికి తిరిగి వెళ్లిపోతుంది. ఇరవై ఎనిమిది రోజులు గడిచినా సగం కూడా నిండలేదు. కొత్త మిషను రాకపోతే బడి యూనిఫారాల పని చేజారినట్టే.

ఆనాడు అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఫోనులో, అప్పు కోసం కోడలు అక్కడ పెట్టిన ఫొటో చూసింది. అందులో ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పక్కింటివారి తళతళలాడే మిషను ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఇదేంటే! ఈ మహారాణికి అప్పెందుకని అనుకోరూ?”

“మన డొక్కు మిషను చూపిస్తే నలుగురిలో పరువు పోదూ అత్తయ్యా?”

“నీ పరువొచ్చి గుండీలు కుడుతుందా? పద, నీ మిషను ముందు కూర్చో. ఫొటో నేను తీస్తా.”

కోడలు సిగ్గు దిగమింగుకుని, తెగిన బెల్టుకు తాడు ముడివేసిన పాత మిషను తొక్కుతూ ఫొటో దిగింది. ఓ మూల అత్తగారి బొటనవేలు కూడా పడింది. ఆ ఫొటోనే పాతదాని స్థానంలో పెట్టారు.

మర్నాటి సాయంత్రానికి అప్పు నిండింది. చివరగా వేసిన పెద్దాయన ఇలా రాశాడు: “అమ్మా, మొన్నటి ఫొటో చూసి నీకు కుట్టడం రాదేమో అనుకున్నాను. ఆ తాడుముడి నేనూ పదకొండేళ్లు వేశాను.”

ఈ కథ విన్నవారందరి చేతిపని చల్లగా సాగుగాక!