పేరు బిళ్ల

ఏటా జూలైలో, ఫ్లోరిడా ఎండలు మండిపోయే రోజుల్లో, లోర్నా నీటి ఊట ఉన్న పార్కులో డేరా వేసుకునేది. పొద్దున్నే చేపలు వేయించి, పళ్లెం పట్టుకుని గట్టు మీద కూర్చునేది. అద్దంలాంటి నీళ్ల అడుగున, గుహ వాకిట్లో, తెల్లటి ఇసుక మీద ఆమె మొగుడు రోయ్స్ ఉండేవాడు, చనిపోయిన నాడు ఎలా ఉన్నాడో అలాగే. ట్యూబుల మీద తేలే పిల్లలు ఆయనకి చెయ్యూపేవాళ్లు. "ఆయన మొహాన ఇసుక కొట్టకండ్రా," అని పార్కు కాపలాదారు గదమాయించేవాడు.

గుహలోకి ఈదేవాళ్లు దారి చీలేచోట, బయటికొచ్చే వైపు, దారి పొడవునా కట్టిన తాడుకి తమ పేరు బిళ్ల తగిలించి వెళ్తారు. బురద లేచి కళ్లు కనపడకపోతే తడుముకుని, బిళ్ల తగిలిన వైపు తిరుగుతారు. ఆ రోజు రోయ్స్ తమ్ముడు డ్వేన్, అన్న ముందే బయటికి వెళ్లిపోయాడనుకుని, రెండు బిళ్లలూ తెచ్చేశాడు. చేతికి బిళ్ల తగలక రోయ్స్ లోపలికి పోయే రెండో దారి పట్టాడు, ప్రాణాలతో రాలేదు. అప్పట్నుంచీ లోర్నా మరిదితో మాట్లాడదు. అతను మాత్రం ఏటా వచ్చి కాస్త ఎడంగా డేరా వేసుకుంటాడు.

ఈసారి కూతురు కేలా గుహలోకి ఈదడానికి గాలి సిలిండర్లు తెచ్చుకుంది.

"నాన్న బిళ్ల ఇవ్వమ్మా. ఉండాల్సిన చోట పెడితే దారి చూసుకుని వచ్చేస్తాడు."

"ఒకణ్ణి మింగింది చాల్లేదా ఆ గుహకి?"

"నువ్వు చేపలు వేయించి చూపిస్తే వస్తున్నాడా మరి?"

లోర్నా మెళ్లోని బిళ్ల తీసి ఇచ్చింది. ఇచ్చిన మరుక్షణమే భయం పట్టుకుంది.

కేలా లోపలికెళ్లిన కాసేపటికి గుహలోంచి బురద పొగలా తన్నుకొచ్చింది. రోయ్స్ లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేవలేదు. తలెత్తి పెళ్లాన్ని ఒకసారి చూసి లోపలికి వెళ్లాడు. పిల్లని తీసుకురావడానికో, తోడు ఉంచుకోవడానికో లోర్నాకి తెలియలేదు.

చివరికి కేలా పైకి తేలింది. గట్టు పట్టుకుని కక్కుకుంది.

"బిళ్ల తగిలించేలోపే చేతిలోంచి తాడు జారిపోయిందమ్మా. నాన్న నా చెయ్యి పట్టుకుని చీలిక దాకా లాక్కొచ్చాడు. నన్ను బయటికి తోసి, తను అక్కడే ఆగిపోయాడు. లాగితే రాలేదు."

బురద దిగాక చూస్తే ఇసుక ఖాళీగా ఉంది. లోర్నా రెండోసారి విధవరాలైంది. బిడ్డ తడి తలని ఒళ్లో పెట్టుకుని బావురుమంది.

ఏడుపు విని డ్వేన్ వచ్చాడు. నీళ్లలోకి చూశాడు.

"అన్న ఏడి వదినా?"

"నువ్వు బిళ్ల తీసేసిన చోట నిలబడ్డాడు," అంది లోర్నా.

ఇన్నేళ్లకి ఆమె మరిదితో మాట్లాడింది ఆ ఒక్క మాటే.