జొన్న పాతరలో పంతులు

పంతొమ్మిది వందల నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో కోదాడ బడిపంతులు రాజారత్నం ఒంటరిగా సైకిలెక్కి మిర్యాలగూడకు బయల్దేరాడు. అక్కడ అత్తగారింట్లో అతని భార్య సులోచనకు నెలలు నిండాయి. బస్సులు నిలిచిపోయాయి. బండి కట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. దొరల మీద తిరగబడ్డ సంఘపు దళాలకు కబుర్లు మోస్తున్నాడని అనుమానం వస్తే చాలు, దారిన పోయేవాణ్ణి గుర్రాల మీద తిరిగే తుపాకులవాళ్లు చెట్టుకు కట్టేసి చావగొడుతున్న రోజులవి. ఒక్కణ్ణే అయితే ఎవరి కంటా పడకుండా పోవచ్చనుకున్నాడు.

హుజూర్‌నగర్ దాటి డొంకదారి పట్టాక తుమ్మముల్లు దిగి ముందు చక్రంలో గాలి పోయింది. మిట్టమధ్యాహ్నం. సైకిలు నెట్టుకుంటూ పోయి పోయి ఒక లంబాడీ తండా చేరాడు.

మొదటి గుడిసె ముందు జొన్నలు చెరుగుతున్న పుష్పాబాయి, ఎవరు నువ్వు అని అడగకముందే చెంబుతో నీళ్లిచ్చింది. కోదాడ బడిపంతుల్నని రాజారత్నం చెప్పగానే, ఆమె మొగుడు బిచ్చా మంచాన్ని నీడకు లాగాడు.

"ఎండల గిట్ల ఒక్కనివే వస్తివి. భయం లేదా పంతులూ?"

"ఎందుకు లేదు? మా ఇంటావిడ పురిటికుంది. రాకుండా ఎట్లా ఉంటాను?"

పుష్పాబాయి నవ్వి, పొయ్యిమీది జొన్నరొట్టె తీసి, మీద ఇంత కారం వేసి చేతిలో పెట్టింది. "తిను తమ్మీ. పాణం నిలవడితేనే గద, బిడ్డను ఎత్తుకునేది."

రొట్టె సగం కూడా కాలేదు. గుట్ట మీద మేకలు కాస్తున్న బిచ్చా తమ్ముడు హన్మా పరుగెత్తుకొచ్చాడు.

"గుర్రాలమీద వస్తున్నరు! ఇటే వస్తున్నరు!"

రాజారత్నం లేచి ఉరకబోయాడు. బిచ్చా మణికట్టు పట్టి ఆపాడు.

"ఏడికి ఉరుకుతవ్? సాటుకు చెట్టు గూడ లేదు. దా, పాతరల దిగు."

పెరట్లో నేలలోకి తవ్విన జొన్న పాతర ఉంది. ముందురోజే తెరిచి సగం గింజలు తీశారు. ఇరుకైన మూతిలోంచి భుజాలు గీరుకుంటూ లోపలికి జారాడు. మోకాళ్ల దాకా జొన్నల్లో కూరుకుపోయాడు. పైన బండ పడింది. దానిమీద మన్ను పోసిన చప్పుడు, ఆపైన మేకల గిట్టల చప్పుడు వినిపించాయి.

లోపల మక్కిన గింజల వాసన, ఉక్క. చెయ్యి పైకెత్తితే బండ తగులుతోంది గానీ కదలడం లేదు. అప్పుడు మొలిచింది అనుమానం. ఎవరు వీళ్లు? ఇందాకే కదా మొహాలు చూసింది! పట్టిస్తే తమ తండా బతికిపోతుందనుకుంటే? తను ఇక బయటికొచ్చేదీ రానిదీ బండ మీద నిలబడ్డవాళ్ల చేతిలో ఉంది. ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో మాట గుర్తుకు రాలేదు.

గుర్రాలు ఆగాయి. మెడమీద మట్టి రాలింది.

"ఈ సైకిల్ ఎవనిది?"

రాజారత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. సైకిలు గుడిసె ముందే వదిలేశాడు.

"నాదే దొరా," అన్నాడు బిచ్చా.

పైన నవ్వులు. "నీదా? అయితే తొక్కి చూపియ్!"

చక్రం కర్రుమంది. దబ్బున పడిన చప్పుడు, మళ్లీ నవ్వులు, ఆపైన దెబ్బ. పుష్పాబాయి ఏడుపు. లేపి మళ్లీ ఎక్కించారు. మళ్లీ పడ్డాడు. పడ్డ ప్రతిసారీ బిచ్చా అదే మాట అంటున్నాడు. "నాదే దొరా. కొత్తగ నేర్సుకుంటున్న."

రాజారత్నం రెండు చేతులతో బండను నెట్టాడు. కాళ్లకింద గింజలు జారిపోయాయే తప్ప బండ కదల్లేదు. అరుద్దామని నోరు తెరిచాడు. అరిస్తే తనతోపాటు తండా మొత్తాన్నీ కాల్చేస్తారు. చొక్కా చేతిని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. ఆ ఊరుకోవడం వాళ్లకోసమో, తన ప్రాణంమీది తీపితోనో అతను ఎన్నడూ తేల్చుకోలేకపోయాడు.

గుర్రాలు వెళ్లిపోయాయి. బండ మాత్రం తెరుచుకోలేదు. మేకలు కూడా అరవడం లేదు. అందర్నీ చంపేశారేమో, తనిక్కడున్నట్టు తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదేమో! ఊపిరి బరువెక్కింది. బండ అంచు సందుకు నోరు ఆనించి గాలి పీల్చుకుంటూ ఉండిపోయాడు.

చివరికి మన్ను గీకిన చప్పుడైంది. వెలుగు కళ్లలో పొడిచింది. మోచేతులపైదాకా గాజులున్న చేతులు కిందికి వచ్చాయి.

"ఎక్కు తమ్మీ. వాండ్లు గుట్ట దాటేదాంక తియ్యలేదు."

బిచ్చా గోడకానుకుని కూచున్నాడు. పెదవి చిట్లింది. ఎడమచెయ్యి వంకరగా వేలాడుతోంది. రాజారత్నం అతని ముందు కూలబడ్డాడు.

"నేను బయటికి రావాల్సింది."

"వస్తె ఇద్దరం ఖతం అవుతుంటిమి." బిచ్చా ఊపిరి తీసుకున్నాడు. "నీ సైకిల్ కొంచవోయిన్రు పంతులూ. ఆపలేకపోయిన. ఏమనుకోకు."

రాజారత్నం కండువా చింపి, వెదురుబద్దలు పెట్టి ఆ చేతికి కట్టు కట్టాడు. పొద్దు వాలాక హన్మా తన ధోవతీ తలపాగా అతనికి చుట్టి, చేన్లకడ్డంగా నడిపించుకుపోయాడు.

తెల్లవారి మిర్యాలగూడ చేరేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది. గాలి తగలకుండా పురిటిగది తలుపులన్నీ మూసి ఉన్నాయి. లోపల అడుగుపెట్టగానే రాజారత్నానికి ఊపిరాడలేదు. బిడ్డ మొహం సరిగా చూడకుండానే వాకిట్లోకి వచ్చి పడ్డాడు.

అత్త రుక్మిణి కంగారుగా వెనకే వచ్చింది. "ఏమైంది బిడ్డా? ఈ బట్టలేంది?"

"ఒకాయన చెయ్యి విరిగింది అత్తమ్మా."

"ఎవరాయన? మనోల్లా?"

రాజారత్నం తల అడ్డంగా ఊపబోయి, ఆపుకున్నాడు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, తుమ్మముల్లు దిగిన దగ్గరనుంచి చెప్పడం మొదలుపెట్టాడు.